కుక్కకి బోను కొనేముందు ‘ఆది’ చూసుకోండి

కిందటి వారం మాగాయకి ముక్కలు ఎండబెట్టుకోవడం గురించి చెప్పుకున్నాం. ఈవారం వంటింట్లోంచి బయటికొచ్చి, వాకిట్లో ఉన్న కారు దగ్గరికి పోదాం రండి. మీ ఇంట్లో పెద్ద కుక్క ఉన్నా, తెచ్చుకుందామని పిల్లలు పేచీ పెడుతున్నా ఈ పేజీ చింపి దాచుకోండి. కుక్క లేనివాళ్ళు కూడా చదవండి. ఎందుకంటే ఇందులో కుక్క కథ ఎంతుందో మా అత్తయ్యగారి చెయ్యి కథ కూడా అంతే ఉంది.

మా రాజా లాబ్రడార్ జాతి. నాలుగేళ్ళవాడు, బరువు 34 కిలోలు. నలభై అయిదు రోజుల పిల్లగా మా అబ్బాయి ఒళ్ళో కూర్చుని మా ఇంటికొచ్చాడు. అప్పట్నుంచీ కార్లో వెనక సీటు వాడిదే. నాకూ అబ్బాయికీ మధ్యలో మూడో మనిషిలా కూర్చుంటాడు. మెడకున్న తాడు నా చేతికి చుట్టుకుని కూర్చునేదాన్ని. తాడు చేతిలో ఉంది కదా, ఇంక భయమేముంది అనుకునేదాన్ని.

కిందటి దసరాకి హైదరాబాదు నుంచి విజయవాడ మా చెల్లెలింటికి బయల్దేరాం. చౌటుప్పల్ దాటాక రోడ్డుకి అడ్డంగా ఓ గేదె వచ్చింది. మావారు గట్టిగా బ్రేకు వేశారు. కారు ఆగింది, గేదె బతికింది. కానీ మా రాజా ఆగలేదు. తాడు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో కూడా తెలీదు. ముందు సీట్ల సందులోంచి వెళ్ళి, అత్తయ్యగారి కుడిచేతి మీద పడ్డాడు. మణికట్టు ఎముక చిట్లింది. ఆరువారాలు కట్టు. అన్నం నేను కలిపి పెడితే తిన్నారావిడ, జపమాల ఎడంచేత్తో తిప్పుకున్నారు. ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు మరీ బాధ.

తప్పు గేదెదా, బ్రేకు వేసినాయనదా, నోరులేని రాజాదా? తాడు పట్టుకుంటే చాలనుకున్న నాది. కారు ఎంత వేగంతో పోతుంటే లోపలున్న మనుషులూ సామానూ అంతే వేగంతో పోతుంటాయి. కారు ఆగినా కట్టని వస్తువు ఆగదు. మనల్ని బెల్టు పట్టి ఆపుతుంది. ముప్ఫై నాలుగు కిలోల కుక్కని నా చెయ్యి ఆపుతుందా చెప్పండి? పోనీ తాడు ఆపితే ఇంకా ప్రమాదం. మొత్తం బరువు వాడి మెడ మీదే పడుతుంది.

సరే, ఇదిలా ఉండగా ఎండాకాలంలో మావారికి విశాఖపట్నం బదిలీ అయింది. ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. రాజా సంగతేమిటి? ఊరి బయట తోట ఉన్న తెలిసినాయన ఇచ్చెయ్యమన్నారు. మావారు సరేనన్నట్టే ఉన్నారు. మా అబ్బాయి రెండ్రోజులు అన్నం సరిగ్గా తిన్లేదు. అప్పుడు అత్తయ్యగారే నోరు విప్పారు. “వాణ్ణి ఎవరికో ఇచ్చేస్తానంటే నేనొప్పుకోను. అలాగని నా వెనకాల ఊరికే వదిలేస్తే నేను కారెక్కను. రెండూ కుదిరే దారి చూడమ్మాయ్” అన్నారు.

ఆ దారే బోను. దుకాణాల్లో క్రేట్ అంటారు. కుక్క లోపల కూర్చుని, పడుకుని ప్రయాణం చేసే తీగల పెట్టె.

మేం మొదట చేసిన పొరపాటు

మావారు ఫోన్లో చూసి, “34 కిలోలు అంటే ఎక్స్‌ఎల్ సైజు” అని తెప్పించేశారు. వచ్చింది చూస్తే 48 అంగుళాల పొడుగు. మా వీధిగుమ్మంలోంచి లోపలికి రావడానికే తలప్రాణం తోకకొచ్చింది. కారులో పట్టడం కల్ల. తిప్పి పంపడానికి ఛార్జీలు దండగ.

చూశారా, ఎక్స్‌ఎల్ అనేది ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. రెడీమేడ్ జాకెట్టు మీద ‘38’ అని రాసి ఉన్నా ఒకటి బిగుతు, ఒకటి వదులు అవదూ? అలాగే బరువు చూసి కొనడం కూడా సరికాదు. ఒకే బరువున్న రెండు కుక్కల్లో ఒకటి పొట్టిగా బలంగా ఉంటుంది, ఇంకోటి పొడుగ్గా సన్నగా ఉంటుంది. అక్షరాన్నీ బరువునీ పక్కనపెట్టి, పెట్టె మీద అంగుళాలెన్నో చూడండి. తీగల బోనులు మామూలుగా 24, 30, 36, 42, 48 అంగుళాల పొడుగుల్లో దొరుకుతాయి.

“పోనీ పెద్దదే ఉంటే హాయిగా ఉంటుంది కదా” అని నేనూ అనుకున్నాను. ఇంట్లో అయితే నిజమే. కార్లో కాదు. బోను మరీ పెద్దదైతే బ్రేకు వేసినప్పుడల్లా కుక్క ఈ గోడకీ ఆ గోడకీ కొట్టుకుంటుంది. పెద్ద డబ్బాలో ఒక్క కొబ్బరికాయ వేసి ఆటోలో తీసుకెళ్తే ఎలా దొర్లుతుందో అలాగన్నమాట. అలాగని మరీ ఇరుకైతే కాళ్ళు పట్టేస్తాయి, ఊపిరాడక ఆయాసపడుతుంది. జంతువు కదలడానికి వీల్లేనంత చిన్న బోనులో పెట్టడం మన దేశంలో నేరం కూడాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షనులో ఆ మాట ఉంది.

కుక్క కొలతలు

మీ కుట్టుమిషను సొరుగులో ఉన్న టేపు చాలు. ఒకరు బిస్కెట్టు చూపిస్తూ కుక్కని తిన్నగా నిలబెట్టాలి, ఇంకొకరు కొలవాలి.

పొడుగు: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా. తోక కొస దాకా కాదు సుమండీ, తోక ముడుచుకుంటుంది. మా రాజా 36 అంగుళాలు వచ్చాడు.

ఎత్తు: నేల నుంచి నడినెత్తి దాకా. అల్సేషియన్ లాంటి నిలువు చెవుల కుక్కయితే చెవి కొస దాకా. నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి కొలిచి, ఏది ఎక్కువైతే అది తీసుకోండి. భుజం దగ్గర కొలిచి సరిపెట్టుకోవద్దు, తల ఎక్కడికి పోతుంది? రాజా నిలబడితే 27, కూర్చుంటే 26.

వెడల్పు: భుజాల దగ్గర ఎంత లావుందో చూడండి. తిన్నగా కూర్చోవడమే కాదు, లోపలే వెనక్కి తిరగగలగాలి. రాజా భుజాలు 11 అంగుళాలు. తీగల బోనుల్లో వెడల్పు సాధారణంగా పొడుగుకి తగ్గట్టే ఉంటుంది.

ఇప్పుడు వదులు కలపాలి. కారు ప్రయాణానికి పొడుగులో నాలుగంగుళాలు, మహా అయితే ఆరు. ఎత్తులో రెండు మూడు అంగుళాలు. అంటే రాజాకి 40 నుంచి 42 పొడుగు, 29 నుంచి 30 ఎత్తు కావాలి. 36 అంగుళాల బోను ఎత్తు 25 దాకానే ఉంటుంది కాబట్టి తల తగులుతుంది. 48 అంగుళాలదైతే పొడుగులో అడుగు ఖాళీ. 42 అంగుళాలది సుమారు 28 వెడల్పు, 30 ఎత్తు. మా వాడికి అదే సరి.

కొనేశాక మీ కుక్క దాంట్లో నిలబడాలి, తిరగాలి, కాళ్ళు చాపుకుని పక్కకి పడుకోవాలి. ఈ మూడూ కుదిరితే సైజు కుదిరినట్టు.

ఇంకా పెరుగుతున్న పిల్లకయితే పెద్దయ్యాక సరిపోయే బోను కొని, మధ్యలో అడ్డుపలక పెట్టుకోవచ్చు. పలకతో సహా అమ్ముతారు. కుక్క పెరిగేకొద్దీ వెనక్కి జరుపుకుంటూ పోవడమే.

విమానంలో పంపే పెట్టె లెక్క వేరు. అక్కడ పొడుగుకి ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, ముందుకాలు నేల నుంచి మోచేయి దాకా ఎంతో దాంట్లో సగం కలపాలి. వెడల్పేమో భుజాలకి రెట్టింపు. పిల్లలు అమెరికా తీసుకెళ్తామంటే ఆ లెక్కే చూసుకోండి. దీంతో కలపొద్దు.

కారు కొలతలు

కుక్క కొలతలు తీసుకుని సంబరపడకండి. సగం పనే అయింది. బోను కుక్కకి సరిపోవాలి, కారుకీ సరిపోవాలి. మాది మూడు వరుసల సీట్ల కారు. చివరి వరుస మడిచేస్తే వెనక చోటు వస్తుంది. నాలుగు చోట్ల కొలవండి.

ఒకటి, వెనక తలుపు తెరిచినప్పుడు ఆ గుమ్మం ఎత్తు. లోపల కప్పు ఎత్తు కాదు, గుమ్మం ఎత్తు. మా కారులో లోపల 34 అంగుళాలుంటే గుమ్మం 29 మాత్రమే.

రెండు, చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉండే భాగాల మధ్య వెడల్పు. అదే అన్నిటికన్నా ఇరుకు.

మూడు, కింద నేల పొడుగు. మాకు 44 వచ్చింది. అమ్మయ్య అనుకున్నాం.

నాలుగోదే అందరూ మర్చిపోయేది. పైన పొడుగు. వెనక అద్దం ఏటవాలుగా లోపలికి వంగి ఉంటుంది, ముందు సీటేమో వెనక్కి వాలి ఉంటుంది. బోను చదరంగా ఉంటుంది కదా! నేల మీద పట్టినా పై మూల అద్దానికి కొట్టుకుంటుంది. 30 అంగుళాల ఎత్తులో కొలిస్తే మాకు 39 అంగుళాలే వచ్చింది. 42 అంగుళాల బోను ఎలా పడుతుంది?

అట్టపెట్టె ఆది

ఇక్కడ మనకి తెలిసిన విద్యే పనికొచ్చింది. దర్జీకి జాకెట్టు గుడ్డ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటామా? ఆది జాకెట్టు ఇస్తాం. అలాగే ఫ్రిజ్ వచ్చిన పాత అట్టపెట్టె ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగి తెచ్చుకున్నాను. కత్తిరించి, వెడల్పు టేపు అతికించి, సరిగ్గా 42, 28, 30 అంగుళాల పెట్టె చేశాను. ముందు రాజాని ఎక్కించి చూశాం. చక్కగా తిరిగి కూర్చున్నాడు. తర్వాత కారులో పెట్టాం. అనుకున్నట్టే గుమ్మంలో పట్టలేదు, పై మూల తగిలింది.

మావారు ఆశ వదిలేసుకున్నారు. అత్తయ్యగారు మెట్ల మీద కూర్చుని చూస్తూ, “మధ్య సీటు ముందుకు జరగదా?” అన్నారు. జరుగుతుంది! నాలుగంగుళాలు జరిపి, వీపు నిటారుగా చేస్తే పైన 43 వచ్చింది. ఇక గుమ్మం సంగతి. తీగల బోను పుస్తకంలా మడుస్తారు. మడిచి లోపల పెట్టి, అక్కడే విప్పి నిలబెడితే సరి. మామూలు ప్లాస్టిక్ పెట్టెతో ఆ వీలుండదు. ఈ రెండు సంగతులూ పైసా ఖర్చు లేకుండా అట్టపెట్టె చెప్పింది. ఆ తర్వాతే బోను కొన్నాం.

మా పాత వీధిలో ఒకాయన వెల్డింగు షాపులో ఇనప ఊచలతో చేయించారు. గట్టిదే, కానీ ఇద్దరు మగవాళ్ళు పడితేగానీ లేవదు. ఊచల చివర్లు గరుగ్గా ఉండి కుక్క మూతి గీరుకుపోయింది. చేయించుకుంటే అంచులు అరగదీయించి, సందుల్లో కాలూ మూతీ ఇరుక్కోకుండా చూసుకోండి.

మీ కారు చిన్నదై పెద్ద బోను పట్టకపోతే బలవంతంగా చిన్న బోనులో కుక్కొద్దు. ఛాతీకి వేసే పట్టీల జాకెట్టు దొరుకుతుంది, దాన్ని సీటు బెల్టుకి తగిలించొచ్చు. మెడపట్టీకి మాత్రం తగిలించకండి. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకి 48 అంగుళాలది కూడా చాలకపోవచ్చు. అలాంటప్పుడు సీట్ల వెనక గట్టి జాలీ అడ్డం పెట్టించుకోవడం మేలు. మూసేసిన డిక్కీలో మాత్రం ఎంత దగ్గర ప్రయాణమైనా కుక్కని పెట్టకూడదు.

కట్టని బోను మరో బండరాయి

బోను కొనేస్తే అయిపోలేదు. కుక్కతో కలిపి యాభై కిలోల దాకా అవుతుంది. అది ఊరికే ఉంటే బ్రేకు వేసినప్పుడు మొత్తం మన మీదకే వస్తుంది. మధ్య సీటు వీపుకి ఆనించి పెట్టి, కారు నేల మీదుండే కొక్కేలకి బిగింపు పట్టీలతో కట్టాలి. లారీల మీద సామాను కట్టేవాళ్ళు వాడే రకం. రబ్బరు తాళ్ళు వద్దు, లాగితే సాగుతాయి.

కింద జారని రబ్బరు చాప, దానిమీద పాత నూలు దుప్పటి వేయండి. మెత్తటి పరుపు వేస్తే కుక్క నిలదొక్కుకోలేదు, పైగా బోను ఎత్తు తగ్గిపోతుంది. లోపల ఉన్నంతసేపు మెడపట్టీ తీసెయ్యండి, తీగలో చిక్కుకుంటుంది. రెండు తలుపులున్న బోను మంచిది. వెనక తలుపు తెరుచుకోకపోతే ఇంకోవైపు నుంచి తియ్యొచ్చు.

ఒక్కమాట దాచకుండా చెప్పాలి. మామూలు తీగల బోను పెద్ద ప్రమాదంలో వంగిపోతుంది. అది ఇనప కవచం కాదు. కుక్క ముందుకి ఎగిరి పడకుండా, తలుపు తీయగానే రోడ్డు మీదికి దూకకుండా ఆపుతుంది. ప్రమాద పరీక్షలు చేసి అమ్మే బోనులు కూడా ఉన్నాయి గానీ ఖరీదు బాగా ఎక్కువ. ఏది కొన్నా నిదానంగా నడపడానికి బదులు కాదు.

అలవాటు చెయ్యడం

బోను తెచ్చిన రోజే తోసి తలుపు వేస్తే జన్మలో ఎక్కదు. మేం బయల్దేరడానికి మూడువారాల ముందే హాల్లో పెట్టి తలుపు తెరిచి ఉంచాం. అన్నం గిన్నె మొదట గుమ్మం దగ్గర, తర్వాత లోపల. నాలుగో రోజుకి వాడే వెళ్ళి పడుకున్నాడు. తర్వాత తలుపు అయిదు నిమిషాలు, పది నిమిషాలు వేసి చూశాం. ఆపైన కార్లో పెట్టి వీధి చివరిదాకా తిప్పాం. తప్పు చేసినప్పుడు శిక్షగా మాత్రం బోనులో పెట్టకండి. వాడికది గది, జైలు కాదు.

బయల్దేరేముందు పశువుల డాక్టరుకి చూపించి, ప్రయాణానికి పనికొస్తాడని సర్టిఫికెట్టు తీసుకోండి. రేబిస్ టీకా కార్డు దగ్గరుంచుకోండి.

ప్రయాణం రోజు

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం, ఎండ ముదరకముందే విజయవాడ చేరాలని. నాలుగు గంటల ముందు నుంచీ తిండి పెట్టలేదు, లేకపోతే కక్కుకుంటాడు. నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టాం. రెండు గంటలకోసారి ఆపి, తాడు తగిలించాకే తలుపు తీసి నడిపించాం. బోను చుట్టూ సామాను పేర్చకుండా ఏసీ గాలి వెనక్కి పోయేలా చూశాం. ఎండ పడేవైపు మాత్రం పల్చటి గుడ్డ వేశాం.

కాఫీ తాగడానికి దిగినప్పుడు ఎవరో ఒకరు ఏసీ వేసిన కార్లోనే ఉన్నాం. ఎండలో ఆపిన కారు పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కుక్కకి మనలా ఒంటినిండా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చడమే. అద్దం కాస్త దించినంత మాత్రాన చాలదు.

రాత్రికి చెల్లెలింట్లో ఉండి, మర్నాడు మళ్ళీ బయల్దేరాం. ఏలూరు దాటాక ముందు లారీ ఉన్నట్టుండి ఆగింది. మావారు బ్రేకు వేశారు. నా చెయ్యి అలవాటుగా తాడు కోసం వెతుక్కుంది. తాడు లేదు. వెనక్కి తిరిగి చూస్తే, రాజా కాస్త జారి బోను ముందు గోడకి ఆనుకున్నాడు. లేచి, ఓసారి దులుపుకుని, మళ్ళీ కూర్చున్నాడు. వాడు జారింది ఆ ఆరంగుళాలే. పట్టీలు కదల్లేదు.

ముందు సీట్లో అత్తయ్యగారు కుడిచేతి మణికట్టు ఎడంచేత్తో పట్టుకుని ఉన్నారు. ఆ చెయ్యి ఇప్పటికీ చలికాలంలో సలుపుతుంది, అది నేను సరిచెయ్యలేనిది. కాసేపటికి, “రాజాకేం కాలేదు కదా?” అన్నారు. లేదన్నాను. అన్నవరంలో ఆగినప్పుడు ప్రసాదం విస్తరాకు విప్పి, “వాడికి కక్కుడొస్తుందంటావా, కొంచెం పెట్టనా?” అని నన్నే అడిగారు. ఊరు చేరాక పెడదామన్నాను. చేరాక మర్చిపోకుండా చిటికెడు పెట్టారు.

సరే మరి, మీ టేపు తీయండి. అంగుళాలు కాగితం మీద రాసుకున్నాకే దుకాణానికి వెళ్ళండి. వచ్చేవారం చింతపండు పురుగు పట్టకుండా ఏడాది నిలవ ఉంచుకోవడం ఎలాగో చెప్పుకుందాం. అంతవరకూ సెలవు.